ఆర్‌ఎస్‌వీ: పసిపిల్లల ఊపిరితిత్తుల వైరస్‌పై పరిశోధన చరిత్ర

ఆర్‌ఎస్‌వీ, అంటే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎన్‌ఏ వైరస్. బడికెళ్లే పిల్లలకూ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకూ ఇది వట్టి పడిశంగా వచ్చి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కొందరు పసికందుల్లో మాత్రం అక్కడితో ఆగకుండా ఊపిరితిత్తుల్లోని వెంట్రుకంత సన్నటి గాలిగొట్టాల దాకా దిగుతుంది. వాటి లోపలి పొర నుంచి ఊడిన కణాలు, జిగురు కలిసి గాలి దారిని మూసేస్తాయి. బిడ్డకు పిల్లికూతలు మొదలవుతాయి, డొక్కలు ఎగరేస్తుంది, రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగేసరికి ఆయాసంతో వదిలేస్తుంది. డాక్టర్లు దీన్ని బ్రాంకియోలైటిస్ అంటారు. 2019 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో ఏటా 3.3 కోట్ల మందికి దీనివల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తోంది, లక్ష మందికి పైగా చనిపోతున్నారు. ఆ మరణాల్లో 97 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనివే. ఆస్పత్రిలో ఒక బిడ్డ పోతే, ఆస్పత్రి గడప తొక్కకుండా పోయేవాళ్లు ముగ్గురు దాకా ఉంటారని అదే అంచనా చెబుతోంది.

దీన్ని పిల్లల జబ్బు అనుకోవడం వైద్యులకు ఎంత అలవాటైపోయిందంటే, పెద్దల్లో ఇది చేసే చెరుపును కొలవడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. నిజానికి మనుషుల్లో దీని జాడ మొదట కనిపించింది ఒక ఎదిగిన మనిషిలోనే.

చింపాంజీల నుంచి

వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆర్మీ పరిశోధన సంస్థలో పెంచుతున్న చింపాంజీల్లో 14 జంతువులకు ఒక్కసారిగా ముక్కు కారడం, దగ్గు మొదలయ్యాయి. అక్కడి శాస్త్రవేత్త మోరిస్, ఆయన సహచరులు ఒక కొత్త వైరస్‌ను వేరుచేసి 1956లో ప్రకటించారు. చింపాంజీ కొరైజా ఏజెంట్ అని పేరు పెట్టారు. ఆ జంతువుల దగ్గర పనిచేసే ఉద్యోగి ఒకరికి కూడా జలుబు చేసింది, ఆయన రక్తంలో ఈ వైరస్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయి. జంతువు నుంచి మనిషికి వచ్చిందని అప్పట్లో అనుకోవడం సహజమే. మరుసటి ఏడాది బాల్టిమోర్‌లో రాబర్ట్ చానాక్ అనే శాస్త్రవేత్త శ్వాసకోశ జబ్బు చేసిన ఇద్దరు పసివాళ్ల నుంచి అదే వైరస్‌ను పట్టుకున్నాక లెక్క తిరగబడింది. ఇది మనుషుల వైరసే, చింపాంజీలకే మనుషుల నుంచి అంటుకుని ఉంటుందని తేలింది. ప్రయోగశాలలో పెంచిన కణాలను ఇది పక్కపక్కనే అతికించి ఒకే పెద్ద ముద్దగా మార్చేస్తుంది. సిన్సీషియల్ అన్న పేరు దానివల్లే వచ్చింది. చానాక్ ఆ తర్వాత బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో పనిచేస్తూ పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను కూడా గుర్తించారు. పిల్లల శ్వాసకోశ వైరస్‌ల పరిశోధనకు పునాది వేసింది ఆయనే అనడం అతిశయోక్తి కాదు.

లాట్ 100

జబ్బు కారకం దొరికింది కాబట్టి టీకా కూడా త్వరలోనే వస్తుందని అందరూ నమ్మారు. 1955లో జోనాస్ సాక్ ఫార్మలిన్‌తో చంపిన పోలియో వైరస్‌ను టీకాగా మార్చి చూపించారు కదా. అదే దారిలో ఆర్‌ఎస్‌వీని ఫార్మలిన్‌తో చంపి, పటిక ఉప్పు కలిపి తయారుచేసిన టీకాకు లాట్ 100 అని పేరు. 1966లో అమెరికాలో దాన్ని చంటిపిల్లలకు వేశారు.

టీకా వేసిన పిల్లల రక్తంలో యాంటీబాడీలు పుష్కలంగా కనిపించాయి. ఆ చలికాలం వైరస్ వచ్చింది. వాషింగ్టన్‌లో టీకా వేయించుకుని తర్వాత వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మందిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఈ టీకా వేయని పిల్లల్లో ఆ సంఖ్య 5 శాతం. ఇద్దరు పిల్లలు చనిపోయారు. రక్షించాల్సిన టీకాయే జబ్బును ముదరబెట్టింది. ఫలితాలు 1969లో అచ్చయ్యాక ఆర్‌ఎస్‌వీ టీకా అన్న మాట ఎత్తడానికే కంపెనీలు వెనకాడాయి. ఏమి జరిగిందో ముక్కలు ముక్కలుగా అర్థం కావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ యాంటీబాడీలు వైరస్‌కు అతుక్కున్నాయి గానీ దాన్ని అడ్డుకోలేకపోయాయి. పైగా రోగనిరోధక కణాలను ఊపిరితిత్తుల్లోకి తప్పుదారిన దండెత్తించాయి.

ఎత్తుకున్నవాళ్లు, తాకినవాళ్లు, కూర్చున్నవాళ్లు

టీకా మాట మూలపడ్డ రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కారొలీన్ బ్రీస్ హాల్ అనే పిల్లల డాక్టరు అసలు ఇది ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతుందన్న ప్రశ్న పట్టుకున్నారు. పిల్లల వార్డులో ఒక బిడ్డకు ఆర్‌ఎస్‌వీ వస్తే నర్సులకూ పక్క మంచాల పిల్లలకూ పాకడం ఆమె కళ్లారా చూస్తున్నదే. 1981లో వచ్చిన ఆమె ప్రయోగం ఈ రంగంలో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపిస్తుంది. ఖర్చు తక్కువ, తెలివి ఎక్కువ.

వలంటీర్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులోని ఏడుగురు జబ్బు బిడ్డను ఎత్తుకుని, ఆడించి, మామూలుగా సాకారు. రెండో గుంపులోని 10 మంది బిడ్డ లేనప్పుడు గదిలోకి వెళ్లి, బిడ్డ ముక్కు చీమిడి అంటిన చోట్లు తాకి, అదే చేత్తో తమ ముక్కు, కళ్లు తడుముకున్నారు. మూడో గుంపులోని 14 మంది మంచానికి ఆరడుగుల పైన దూరంలో ఊరికే కూర్చున్నారు. ఎత్తుకున్నవాళ్లలో ఐదుగురికి, తాకినవాళ్లలో నలుగురికి వైరస్ సోకింది. కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ సోకలేదు. అంటే ఈ వైరస్‌కు ప్రధాన వాహనం దూరం నుంచి వచ్చే గాలి కన్నా దగ్గరి తుంపర్లూ, చేతులూ అన్నమాట. బల్లల మీద ఇది కొన్ని గంటలు బతికే ఉంటుందని కూడా హాల్ బృందం చూపించింది. ఆస్పత్రుల్లో బిడ్డ దగ్గరికి వెళ్లే ముందూ వచ్చిన తర్వాతా చేతులు కడుక్కోవాలన్న నియమానికి బలం తెచ్చిన అధ్యయనాల్లో ఇవి ముఖ్యమైనవి.

అదే ప్రయోగం ఇంకో సంగతి కూడా చెప్పింది. వైరస్ సోకిన ఆ వలంటీర్లు అందరూ పెద్దవాళ్లు. చిన్నప్పుడే అది వాళ్లకు వచ్చిపోయి ఉండాలి, ఎందుకంటే హ్యూస్టన్‌లో కుటుంబాలను వెంబడించి చూసిన అధ్యయనంలో రెండేళ్లు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకూ సోకుతుందని తేలింది. అయినా మళ్లీ వచ్చింది. 1991లో హాల్ బృందం 15 మంది పెద్దలకు రెండేళ్లకు పైగా పదే పదే వైరస్ ఇచ్చి చూస్తే, రెండు నెలల్లోనే సగం మందికి తిరిగి సోకింది. ఒకసారి వస్తే మళ్లీ రాదన్న ఆటలమ్మ లెక్క ఈ వైరస్ దగ్గర పనిచేయదు.

ముసలివాళ్ల వంతు

రోచెస్టర్‌లోనే ఆన్ ఫాల్సీ, ఎడ్వర్డ్ వాల్ష్ అనే వైద్యులు నాలుగు చలికాలాలు వృద్ధులనూ, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లనూ గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో ఏటా 3 నుంచి 7 శాతం మందికి, జబ్బులున్నవాళ్లలో 4 నుంచి 10 శాతం మందికి ఆర్‌ఎస్‌వీ సోకుతోంది. ఆస్పత్రి పాలయ్యేవాళ్లలో దీని భారం మామూలు ఏడాదుల్లో వచ్చే ఫ్లూకు దగ్గరగా ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదు? ముసలివాళ్ల ముక్కులో ఈ వైరస్ తక్కువగా ఉంటుంది, ప్రయోగశాలలో పెంచి చూద్దామంటే దారిలోనే నశిస్తుంది. ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేతికొచ్చాకే లెక్క తేలింది. అంతవరకు ఇలాంటి కేసులు ఎన్నో న్యుమోనియా అనో, ఉబ్బసం తిరగబెట్టిందనో కేస్ షీట్లలో రాసుకుపోయారు.

దీని దగ్గరి చుట్టం హెచ్ఎంపీవీ కూడా ఇలాగే దాక్కుని బతికింది. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి, 1958 నాటి రక్త నమూనాలు తీసి చూస్తే అప్పటికే అందులో దాని యాంటీబాడీలున్నాయి. 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్ఎంపీవీ అని తేలగానే కొత్త మహమ్మారి వచ్చిందన్నట్టు టీవీ చానళ్లు ఊదరగొట్టాయి. అది కనీసం 67 ఏళ్ల పాత వైరస్ అన్న ముక్క ఆ గోలలో వినపడలేదు.

ఎఫ్ ప్రొటీన్ ఆకారం

ఈలోగా ఆర్‌ఎస్‌వీ మందుల వైపు కొంత కదలిక వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు నెలనెలా ఇచ్చే పాలివిజుమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్‌కు 1998లో అమెరికా అనుమతి ఇచ్చింది. దాని వల్ల ఆస్పత్రిలో చేరికలు 55 శాతం తగ్గాయి. ధర మాత్రం ధనిక దేశాలకే అందేది.

అసలు మలుపు 2013లో వచ్చింది. వైరస్ పైపొరలోని ఎఫ్ ప్రొటీన్ మన కణంలోకి దూరడానికి తాళంచెవి. అది ఒకసారి తెరుచుకుంటే మళ్లీ ముడుచుకోని గొడుగు లాంటిది. బలమైన యాంటీబాడీలు పట్టుకునేది ముడుచుకుని ఉన్న ఆకారాన్ని. లాట్ 100లోని ఎఫ్ మాత్రం చాలావరకు తెరుచుకుపోయినదే అని తర్వాత తెలిసింది. జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహమ్, పీటర్ క్వాంగ్ అనే శాస్త్రవేత్తలు కలిసి ముడుచుకున్న ఆకారాన్ని అణువు స్థాయిలో చూసి, అది తెరుచుకోకుండా కట్టిపడేసే మార్పులు చేశారు. అదే ఆలోచన తర్వాత కరోనా స్పైక్ ప్రొటీన్‌కు పనికొచ్చింది. అమెరికాలోని మనవాళ్లు వేయించుకున్న ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో ఉన్నది ఆ ఉపాయమే. ఆర్‌ఎస్‌వీ కోసం మొదలైన పని కరోనాకు ముందుగా ఫలించిందన్నమాట.

2023లో అమెరికాలో వరసగా అనుమతులు వచ్చాయి. మే నెలలో 60 ఏళ్లు దాటినవాళ్లకు జీఎస్‌కే, ఫైజర్ టీకాలు, జులైలో చంటిబిడ్డలకు ఒక్క ఇంజెక్షన్‌తో ఒక సీజనంతా కాపాడే నిర్సెవిమాబ్ యాంటీబాడీ, ఆగస్టులో గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య ఇచ్చే ఫైజర్ టీకా. ఈ చివరిది తల్లిలో యాంటీబాడీలు పుట్టించి మాయ ద్వారా బిడ్డకు చేరుస్తుంది. పుట్టిన మొదటి మూడు నెలల్లో తీవ్రమైన జబ్బును ఇది 82 శాతం దాకా తగ్గించింది. నెలలు తక్కువ కాన్పుల అనుమానంతో జీఎస్‌కే గర్భిణుల ప్రయోగాన్ని 2022లోనే ఆపేసింది కాబట్టి ఫైజర్ టీకాకూ అమెరికా వారాల పరిమితి పెట్టింది. వృద్ధుల టీకాల వల్ల అరుదుగా గిలాన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు రావచ్చన్న హెచ్చరికను 2025లో చేర్చారు.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలూ తల్లి టీకాను గానీ నిర్సెవిమాబ్‌ను గానీ ప్రవేశపెట్టాలని సిఫార్సు చేసింది. చంటిబిడ్డకే నేరుగా వేసే ఆర్‌ఎస్‌వీ టీకా మాత్రం ఇంకా లేదు. 2024లో మోడెర్నా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను పసిపిల్లల్లో పరీక్షిస్తుండగా టీకా వేసిన పిల్లల్లోనే తీవ్రమైన కేసులు ఎక్కువగా కనిపించడంతో ఆ ప్రయోగాన్ని నిలిపేశారు.