ఉదయగిరి దగ్గర రాయలు టైం వేస్ట్ చేశాడా?

బాహుబలి త్రిశూల వ్యూహం మీద లంచ్‌లో గంటసేపు వాదించుకుంటాం. మన ఆత్మకూరు పక్కనే ఉన్న ఉదయగిరి మీద మాత్రం ఎవరూ నోరెత్తరు! 1513లో గజపతుల చేతిలో ఉన్న ఈ కొండకోట ముందు కృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ఆగిపోయాడు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లెక్కలో (కాస్త ఎక్కువ చెప్పాడేమో లెండి) రాయల కాల్బలం 34 వేలు, కోటలో 10 వేలు.

కోటని వదిలేసి నేరుగా కొండవీటికి పోవచ్చుగా అంటాడు మా రూమ్మేటు. పోతే వెనకనుంచి తిండిగింజల దారి తెగ్గొట్టరూ? అందుకే రాళ్ళు కొట్టించి, కొండమీదికి బాటలు వేయించి, 1514లో కోట పట్టాడు. 1515లో కొండవీడు కూడా పడింది. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుడికి హంపీలో గుడే కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.