రాగిరేకుల పాటకు వరుస కట్టిన రాళ్ళపల్లి

తెల్లవారుజామున రేడియో విప్పినంతనే వినవచ్చు భక్తిగీతములలో తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తన లేని దినము అరుదు. ఆ పాట వినుచు మనలో పెక్కుమంది, మాటవలెనే వరుసయు ఐదువందల యేండ్లనాటిదే యనుకొందురు. గురువు నోటినుండి శిష్యుని నోటికి దిగివచ్చినదే యని నమ్ముదురు. త్యాగరాజస్వామి కృతుల విషయమున ఆ నమ్మకము చాలవరకు సరియైనది. అన్నమయ్య విషయమున కాదు. భజన సంప్రదాయమున నిలిచిన బహుకొద్ది పాటలను విడిచినచో, మనము వినునది పదునైదవ శతాబ్దపు మాట, ఇరువదవ శతాబ్దపు వరుస. ఆ వరుసలు కట్టినవారు మన తాతతండ్రుల కాలమున మన నడుమ తిరుగాడినవారే. వారిలో ముందుగా చెప్పవలసిన పేరు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిది.

అన్నమయ్య (1408–1503) కడపసీమలో, రాజంపేట దాపున నున్న తాళ్ళపాకలో జన్మించెను. ఆయన 32,000 సంకీర్తనలు రచించెనని మనుమడు చిన్నన్న తన ద్విపదకావ్యమున వ్రాసియున్నాడు. వానిని కుమారుడు పెద తిరుమలాచార్యుడు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోనే ఒక అరలో భద్రపఱపించెను. తరువాత శతాబ్దముల మఱపు. 1922 ప్రాంతమున ఆ రేకులు మరల వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు పండితులు వానిని చదివి, పరిష్కరించి అచ్చునకు తెచ్చిరి. చిన్నన్న చెప్పిన లెక్కలో సగమైనను దక్కలేదు.

దక్కిన పాటలతో మఱియొక చిక్కు వచ్చినది. రేకుమీద ప్రతి పాటకు రాగము పేరు కలదు. తాళము పేరు సాధారణముగా కానరాదు. స్వరము లేనే లేదు. ఐరోపాలో తొమ్మిదవ శతాబ్దము నాటినుండియే మఠములలోని సన్యాసులు పాట మాటలమీద ఆరోహణ అవరోహణములకు గుర్తులు పెట్టుకొనుచు వచ్చిరి. మనవారు అట్టి అవసరమే లేదనుకొనిరి. పాడువాడు ఉండగా గుర్తులెందుకు? పాడువాడు పోయిన పిదపగదా ఆ లోటు తెలిసినది!

శర్మగారు 1893లో అనంతపురము మండలము రాళ్ళపల్లి గ్రామమున పుట్టిరి. కంబదూరు ప్రాంతపు ఆ యూరికి పేరు తగినదే. ఆ నేలను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. చిన్ననాడే సంస్కృతాధ్యయనమునకు మైసూరు చేరి, అచ్చటి పరకాలమఠమున శాస్త్రములు చదివిరి. నాల్వడి కృష్ణరాజ ఒడయరు ప్రభువుగా నుండిన మైసూరు అది. వీణ శేషణ్ణగారు, వాసుదేవాచార్యులవారు ఆస్థానమున నుండిరి. శర్మగారు గాత్రమునకు బిడారం కృష్ణప్పగారిని ఆశ్రయించిరి. ఫిడేలు చౌడయ్యగారికిని ఆయనే గురువు. కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహమున 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి, 1949 వఱకు అక్కడనే పాఠము చెప్పిరి.

కన్నడదేశములో కూర్చుండి తెలుగు చెప్పిన ఆ ముప్పదియేడేండ్లలో శర్మగారు సంగీతముకంటె సాహిత్యమునకే లోకమున ఎక్కువ ప్రసిద్ధులైరి. గాథాసప్తశతినుండి ప్రాకృతగాథలను తెనిగించిరి. నాటకోపన్యాసములు, సారస్వతాలోకము వ్రాసిరి. 1928లో వేమనపై వారిచ్చిన ఉపన్యాసములు గ్రంథమై నేటికిని చదువదగినవి. దత్తమండలములకు రాయలసీమ యను పేరు నంద్యాల సభలో ప్రతిపాదింపబడినదియు ఆ యేడే. ఈ సాహిత్యవ్యాసంగమంతయు పాటకు సంబంధము లేనిదని తోచవచ్చును. నా యభిప్రాయము వేరు. తరువాత చేసిన పనికి ఇదియే పెట్టుబడి.

మైసూరు కొలువు ముగిసిన పిదప వారు తిరుపతికి వచ్చి దేవస్థానమువారి ప్రాచ్యపరిశోధన సంస్థలో తాళ్ళపాక సంపుటముల పరిష్కరణమును చేపట్టిరి. ప్రభాకరశాస్త్రిగారు 1950లో కాలధర్మము నొందిరి. ఆ వయసున, అరువదికి చేరువలో, మఱియొకడైనచో పాఠభేదములు చూచుకొని తృప్తిపడెడివాడు. శర్మగారు పాటను పాటగా చూడదలచిరి. నూటికి పైబడిన సంకీర్తనలకు వరుసలు కట్టి స్వరపఱచిరి.

అందలి కష్టమును ఒక్క రాగముతో చూపవచ్చును. రేకులలో ముఖారి పేరు తరచుగా కానవచ్చును. ముఖారి మనకు తెలిసిన రాగమే; నేడు ఖరహరప్రియ జన్యముగా పాడుచున్నాము. కాని విజయనగరమున రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి వ్రాసినపుడు ముఖారి యనగా స్వరములన్నియు శుద్ధముగా నుండు మేళము. అనగా నేటి కనకాంగికి సమానము. అన్నమయ్య గతించి అప్పటికి అర్ధశతాబ్దము గడచినది, అంతే. అట్లయిన అన్నమయ్య పాడిన ముఖారి ఏది? 72 మేళకర్తల ఏర్పాటు వేంకటమఖి చేతిమీదుగా పదునేడవ శతాబ్దమున వచ్చినది. అంతకు ముందటి పేర్లను నేటి మూర్ఛనలతో చదువుట, పాత నాణెమును నేటి అంగడిలో చెల్లించుటవంటిది. ఇక కొండమలహరి, తెలుగుగాంబోది, అమరసింధువంటి పేర్లున్నవి. వీనిని నేటి విద్వాంసులలో పాడగలవారేరి?

కావున వరుస కట్టువాడు రేకులోని పేరును పట్టుకొన్నను అది పునరుద్ధరణ కాదు, విడిచినను అపచారము కాదు. రెండు విధములను అది క్రొత్త రచనయే. పాతదానిని వెలికి తీయుచున్నామనుకొనుచు, నిజమునకు ఇరువదవ శతాబ్దమున తెలుగులో జరిగిన మిక్కిలి సాహసవంతమైన సంగీతప్రయోగమును మనవారు చేసిరి. ఎవ్వరును దానిని ప్రయోగమని పిలువలేదు. దేవుని పాట గనుక ఆ మాట వాడుటకు జంకిరి కాబోలు.

తాళము మాట వేరు. దానికి ఆధారము పాటలోనే దొరకును. పల్లవి రెండు పాదములు, సాధారణముగా మూడు చరణములు, తుదిని వేంకటేశముద్ర. ఇది తాళ్ళపాక పాట కట్టడము. మాటల విఱుపును, యతిప్రాసల చోటును ఎఱిగి చదివినచో నడక చతురశ్రమో, తిశ్రమో, ఖండమో పాటయే చెప్పును. త్యాగరాజ కృతిలో అనుపల్లవి యున్నది; సంగతులమీద సంగతులు వేసి రాగమును పెంచుటకు తావున్నది. తాళ్ళపాక పాటలో పెక్కింట ఆ తావు లేదు. ఒక్క ధాతువే మూడు చరణములను మోయవలెను, మూడింటి అర్థమునకును పొసగవలెను. కేవలము గాయకుడైనవాడు ఇచ్చట మాటను విఱుచును. కేవలము పండితుడైనవాడు రాగమును ఎండగట్టును. గాథలను తెనిగించిన చేయి, కృష్ణప్పగారి యొద్ద సాధకము చేసిన గొంతు ఒక్కరియందే యుండుట మన భాగ్యము.

వారి తరువాత ఈ బాట వెడల్పయినది. ఇందులో కర్నూలు పాలు కొంచెము కాదు. 1956లో నెలకొన్న కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులై, 1968లో ఉద్యోగవిరమణ చేసి, కడవఱకు ఆ యూరనే నివసించిన వైద్యులు శ్రీపాద పినాకపాణిగారు. తంజావూరు బాణిని ఆంధ్రదేశమున నాటి, సంగీతసౌరభము పేర వందలకొలది కృతులను గమకములతో సహా స్వరపఱచినవారు. వారి శిష్యులు నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) అన్నమయ్య పాటలకు కట్టిన వరుసలు నేడు ఇంటింట వినబడుచున్నవి. ‘నానాటి బ్రదుకు’ అను పాటకు రేకుమీద నున్నది ముఖారి. నేదునూరివారు దానిని రేవతిలో కూర్చిరి. వైరాగ్యమునకు రేవతి ఎంతగా అమరినదనగా, ఆ పాట మఱియొక రాగమున నుండెడిదని చెప్పిన శ్రోతలు నమ్మరు. అన్ని వరుసలును ఇంతటి యోగ్యత గలవని చెప్పజాలను. వాద్యముల హోరులో మాట మునిగిపోయిన ముద్రికలు విననివారు లేరు.

మద్రాసు సంగీత విద్వత్సభ 1974లో శర్మగారికి సంగీతకళానిధి బిరుద మొసగినది. దేవస్థానమువారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. మరుసటి యేడు మార్చి 11వ తేదీన శర్మగారు తమ 87వ యేట దివంగతులైరి. ముప్పదినాలుగేండ్ల తరువాత, 2013లో, సరిగా అదే తేదీన కర్నూలున పినాకపాణిగారు తమ నూఱవ యేట కన్నుమూసిరి.

సభలలోగాని ముద్రికలమీదగాని ఈ పాటలకు ముందు అన్నమాచార్యుల పేరు తప్పక వినబడును, రాగతాళములును వినబడును. వరుస కట్టినవారి పేరు తరచుగా వినబడదు. రచన పాతదైనపుడు కూర్పును పాతదే యని వదలివేయుట అలవాటైనది. త్యాగరాజ కృతికి ఈ చిక్కు లేదు. మాటయు ధాతువును ఒకరివే. ఇచ్చట ఇద్దరున్నారు, వారి నడుమ ఐదువందల యేండ్లున్నవి. రెండవవారిని విడిచినచో, రాళ్ళపల్లివారి కూర్పేది, నేదునూరివారి కూర్పేది యని రాబోవు తరము తేల్చుకొనుటకు మరల పరిశోధన చేయవలసివచ్చును.

రాగిరేకులనుండి అచ్చునకు ఎక్కిన పాటలలో వేలకొలది పాటలకు నేటికిని వరుస లేదు.