తెంపుడు - తీర్చుడు

సనత్‌నగర్ పేరు విని అదేదో సంస్కృతం అనుకునేవాళ్ళున్నారు. ఉర్దూలో సనత్ అంటే పరిశ్రమ. ఆల్విన్ వంటి కార్ఖానాలతో పెరిగిన పేటకు తగిన పేరే. పేట మిగిలింది, పేరులోని ఉర్దూ మరుగున పడింది. కోర్టు మాటలకూ ఇదే గతి పట్టింది. వకీలు, వకాల్తా, దావా, జామీను, రాజీ... ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చాయన్న ఎరుక లేకుండానే తెలుగువాళ్ళు వాడుతున్నారు. మమ్మల్ని బయటివాళ్ళనే పెద్దలు కూడా ఈ మాటల్లేకుండా కోర్టు మెట్లెక్కలేరు.

అరువు మాటల కంటే లోతైన చుట్టరికం ఒకటుంది. అది తగవు తేల్చే క్రియలో ఉంది. ఫైసలాకు మూలం ఫస్ల్. అంటే వేరుచేయడం, విడదీయడం. తెలంగాణ పల్లెలో పెద్దమనుషులు పంచాయితీ తెంపుతారు. తేలకపోతే అది తెగని పంచాయితీ. ఇక ఖాజీ అనే మాట ఖజా నుంచి వచ్చింది. అరబ్బీలో దానికి తీర్పు చెప్పడం, బాకీ చెల్లించడం, అవసరం తీర్చడం అనే అర్థాలున్నాయి. తప్పిపోయిన నమాజుకు మా నానీ ఖజా చదివేది. అదీ బాకీ తీర్చుకోవడమే. తెలుగులోనూ తగవైనా, అప్పయినా, కోరికైనా తీర్చాల్సిందే. తీర్పు అనే మాట పుట్టింది అక్కణ్ణుంచే. ఈ పోలిక ఎవరి దగ్గరా ఎవరూ అరువు తెచ్చుకున్నది కాదు. న్యాయమంటే ఎవరి బాకీ వాళ్ళకు ముట్టజెప్పడమని రెండు భాషలూ అనుకున్నాయి.

మరి మా ఇళ్ళల్లో ఏం జరిగింది? బ్రిటిష్ ఇండియాలో 1880 నాటి ఖాజీల చట్టం ఖాజీకి న్యాయాధికారమేదీ ఇవ్వలేదు. ఇవాళ ఖాజీ అంటే నిఖానామా రాసేవాడు. ఆ కాగితం మీద రాసే మెహర్ భర్త మీద బాకీ. తలాక్ చెప్పి తెంపుకున్న మగవాళ్ళలో ఆ బాకీ తీర్చినవాళ్ళెందరు? ఈ ప్రశ్న ముందు మమ్మల్ని మేమే అడుక్కోవాలి.

2017లో సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్‌ను కొట్టేసింది. 2019 చట్టం దానికి మూడేళ్ళ దాకా జైలు శిక్ష పెట్టింది, భార్యకు భత్యం ఇవ్వాలని కూడా అంది. జైల్లో ఉన్నవాడు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? ఇదీ తెంపుడే, తీర్చుడు కాదు.

2024 జూలై 10న, తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా తక్కిన ఆడవాళ్ళలాగే 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని అదే కోర్టు చెప్పింది. 1985లో షాబానో కేసులో చెప్పిన మాటే అది. నెలకు 10,000 రూపాయల మధ్యంతర భరణం నిలబడింది.

ఆ డబ్బు ఆమె చేతికందిన నాడే అది తీర్పు. అందాకా ఉత్త ఫైసలా.