కనిగిరి పళ్ళ మీద పానీ రాసిన తారీఖ్

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మా ఖాలా కూతురిని చూసుకోవడానికి ఒంగోలు నుంచి ఒక కుటుంబం కనిగిరి వచ్చింది. పిల్ల చాయ్ కప్పులు అందించి, దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు ఉన్నంతసేపూ నవ్వలేదు. రెండు రోజుల తర్వాత ఖబర్ వచ్చింది: "లడ్కీ అచ్ఛీ హై, మగర్ దాంత్..."

ఆ 'మగర్' తర్వాత ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఆమె ఆ రాత్రి ఉప్పు, బొగ్గుపొడి కలిపి చిగుళ్ళ నుంచి ఖూన్ వచ్చేదాకా తోమింది. నానీ మిస్వాక్ ఇచ్చింది. పక్కింటి ఆపా నిమ్మచెక్క ఇచ్చింది. దాగ్ మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. ఆ చారల్లో రెండూ ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పళ్ళు తెల్లగా ఉంటేనే అందం అన్నది మన ఇళ్ళలో మరీ పాత మాటేమీ కాదు. మన నానీల నానీలు మిస్సీ పెట్టుకునేవారు. పళ్ళ సందుల్ని, చిగుళ్ళని నల్లగా చేసే పొడి అది. దుల్హన్ సింగారంలో దానికి చోటుండేది. దక్కన్ వాసి జాఫర్ షరీఫ్ రాయగా 1832లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయిన 'ఖానూన్-ఎ-ఇస్లాం'లో మిస్సీ ప్రస్తావన ఉంది. నల్లదనం సొగసైన రోజులు పోయాయి, తెల్లదనం షరతైన రోజులు వచ్చాయి. కనిగిరి పిల్లల ఖిస్మత్ బాగాలేక, వాళ్ళ నీళ్ళు ఆ షరతుకు ఒప్పుకోలేదు.

ఈ దాగ్ రహస్యం ముందుగా విప్పింది అమెరికాలో. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చినవాళ్ళకు మాత్రం లేవు. తిండిలో తప్పుందన్నారు కొందరు. మెకే అనుమానం నీళ్ళ మీద. దాన్ని రుజువు చేసుకోవడానికి అతనికి ముప్పై ఏళ్ళు పట్టింది. 1931లో అల్యూమినియం కంపెనీ కెమిస్టు చర్చిల్ అలాంటి ఊళ్ళ నీళ్ళను పరీక్షించి అసలు ముజ్రిమ్‌ను పట్టుకున్నాడు. దాని పేరు ఫ్లోరైడ్.

ఆ తర్వాత ఆరేళ్ళకే, 1937లో, మన నేల పేరు వైద్య పత్రికల్లోకి ఎక్కింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ షార్ట్, ఆయనతో పాటు పండిట్, రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. మన దేశంలో మనుషులకు వచ్చిన ఈ జబ్బును ఫ్లోరోసిస్‌గా గుర్తించిన మొదటి పరిశోధనల్లో అది ఒకటి. అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది, బావి నీళ్ళు మారలేదు. అటు నల్గొండలోనూ ఇదే బాధ. దాని మీద డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పళ్ళతో మొదలైన జబ్బు ఎముకల్లోకి దిగి వెన్ను వంగిపోయిన మనుషుల సంగతి అది.

నీళ్ళలోకి ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? మన కింద ఉన్న రాళ్ళ నుంచి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్ళు ఏళ్ళ తరబడి రాతి పగుళ్ళలో నిలిచి అందులోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. సున్నం తక్కువగా, క్షారం ఎక్కువగా ఉన్న నీళ్ళలో అది ఇంకా ఎక్కువ కరుగుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఇప్పుడు మా ఖాలా కూతురి ఉప్పు, బొగ్గు దగ్గరికి వద్దాం. పాన్, జర్దా, చాయ్ వల్ల వచ్చే రంగు పన్ను పైన అంటుకుంటుంది. దాన్ని డాక్టర్ క్లీనింగ్‌తో చాలావరకు తీసేస్తాడు. ఫ్లోరైడ్ మచ్చ అలాంటిది కాదు. పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే అది పడుతుంది. ముందు పళ్ళ ఎనామిల్ పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ళ లోపు తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ గట్టిపడక లోపల సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను సుద్దముక్కలా తెల్లగా బయటికొస్తుంది, తర్వాత ఆ రంధ్రాల్లోకి రంగు ఇంకి పసుపుగా, గోధుమగా మారుతుంది. కుడివైపు పన్ను మీద ఎలా ఉందో, ఎడమవైపు జోడీ పన్ను మీదా దాదాపు అలాగే ఉంటుంది. ఇదే దాని గుర్తు.

అంటే ఆ చార తేదీ వేసిన కాగితం లాంటిది. ఈ పిల్ల ఫలానా వయసులో ఫలానా నీళ్ళు తాగిందని అది షహాదత్ ఇస్తుంది. అందులో పిల్ల కసూర్ ఏముంది? పళ్ళు తోముకోలేదని మందలించిన మాస్టారూ, మగర్ అన్న పెళ్ళివారూ ఒక బావి చేసిన తప్పును బచ్చీ మీద వేశారు.

బొగ్గు, ఇటుకపొడి, నిమ్మకాయ వాడకండి. ఉన్న ఎనామిల్ కూడా అరిగిపోతుంది. మిస్వాక్ నోటిని శుభ్రం చేస్తుంది గానీ ఈ దాగ్‌ను తీయలేదు. మచ్చ లేతదైతే డాక్టర్ పైపొరను సన్నగా అరగదీసి, బ్లీచింగ్ చేసి తగ్గించగలడు. ముదిరితే పన్ను రంగు పూతో, పైన అతికించే పలచని పెంకో వేస్తారు. ఖర్చవుతుంది, కానీ ఇలాజ్ ఉంది.

పిల్లల విషయంలో మాత్రం నీళ్ళే ఇలాజ్. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం తీస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. అన్నిటికన్నా మేలు నది నీళ్ళు. నల్లమల కింద నుంచి కృష్ణ నీళ్ళు తెచ్చే వెలిగొండకు 1996లో పునాదిరాయి పడింది. జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. పునాది నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ బిడ్డ ముందు పళ్ళ ఎనామిల్ మొదటి ఐదేళ్ళలోనే తయారైపోయింది.

మా ఖాలా కూతురికి తర్వాత మంచి రిష్తా కుదిరింది. అల్హందులిల్లాహ్, ఒక కూతురు. ఆ పాపకు మొదటి రోజు నుంచీ క్యాన్ నీళ్ళే పట్టించింది. మొన్న ఈద్‌కు వెళ్తే పాప నోరంతా తెరిచి నవ్వింది, ముత్యాల్లాంటి పళ్ళు. వాళ్ళమ్మ పక్కనే నిలబడి నవ్వింది, దుపట్టా అడ్డం పెట్టుకునే.

క్యాన్ కొనలేని ఇల్లు అదే మొహల్లాలో నాలుగు గుమ్మాల అవతల ఉంది. ఆ ఇంట్లోనూ ఒక పసిపాప ఉంది. మంచినీళ్ళు ఆ పాప హఖ్. అడగాల్సిన వయసు వాళ్ళది కాదు, మనది.