పాతబస్తీ నవ్వులు: ముజ్తబా హుస్సేన్

చార్మినార్‌కు దక్షిణాన శాలిబండ చేరువలోని లాల్‌దర్వాజా వంటి పేటలలో తెలుగుతో పాటు దక్కనీ, అనగా ఈ ప్రాంతంలో రూపుదిద్దుకొన్న ఉర్దూ మాండలికం, వీధి భాషగా స్థిరపడినందున, ఉర్దూ పత్రికల హాస్యానికి పాతబస్తీలో సహజంగానే ఆదరణ దొరికింది. ఆ హాస్యాన్ని వచనంలో శిఖరానికి చేర్చిన ముజ్తబా హుస్సేన్ (1936–2020) గుల్బర్గా ప్రాంతంలో జన్మించి, హైదరాబాదులో చదివి, 1962లో షాహిద్ సిద్దీఖీ మరణానంతరం ‘సియాసత్’ దినపత్రికలో ఆయన హాస్యశీర్షికను చేపట్టారు.

పత్రికాహాస్యం నుండి యాత్రాకథనానికి కూడా సాగిన హుస్సేన్ దారి, 1896లో భారతదేశం చూసివెళ్ళిన అమెరికన్ హాస్యరచయిత మార్క్ ట్వేన్‌ను తలపిస్తుంది. అయితే సామ్రాజ్యవాదంపై ట్వేన్ చూపిన ఆగ్రహం హుస్సేన్ రచనల్లో అరుదు, అక్కడ దెబ్బ ముందుగా రచయితకే తగులుతుంది. ‘ఖాకా’, అంటే ఒక వ్యక్తి స్వభావాన్ని కొద్ది గీతల్లో పట్టి చూపే వచనచిత్రం, ఆయన అసలు బలం. మిత్రులను గీసిన చేతితోనే, తాను మరణించినట్లు ఊహించుకొని తన ఖాకాను కూడా రాసుకొన్నారు. ఈ నిబ్బరం చూపిన ఆ ఖాకా, ఆయన జపాను యాత్రాకథనం ‘జాపాన్ చలో’ కన్నా గొప్పదనే చెప్పాలి. 2007లో పద్మశ్రీ అందుకొన్న ఆయన, పౌరసత్వ చట్ట సవరణకు నిరసనగా 2019 డిసెంబరులో దానిని తిరిగి ఇచ్చివేస్తున్నట్లు ప్రకటించారు.