రహీం సాబ్, ఒక సైకిలు, బలరాం

పోయిన నెల రాసిన దాంట్లో ఒత్తులు తప్పులు పోయాయని చెప్పిన వాళ్లందరికీ థాంక్స్. ఈసారి కొంచెం పెద్దది రాస్తున్నాను. ఇది ఫుట్‌బాల్ చరిత్ర. ఫుట్‌బాల్ ఇష్టం లేనివాళ్లు కూడా చదవొచ్చు, ఎందుకంటే ఇందులో ఆట కన్నా సైకిలు ముఖ్యం.

నేను పుట్టి పెరిగింది సౌదీలో, జుబైల్‌లో. 2022 డిసెంబర్ 30న రొనాల్డో అల్ నస్ర్ క్లబ్‌లో చేరుతున్నాడని ప్రకటన వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు ఇక్కడ బగాలాలో, మంగలి షాపులో, ఆఫీసు లిఫ్టులో అదే మాట. ఫిబ్రవరిలో ఒక రాత్రి నేను అతని మ్యాచ్ చూస్తుంటే సికింద్రాబాద్ నుంచి తాత వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బలరాం పోయిండు బిడ్డా." అంతే. ఇంకేమీ లేదు. నేను మా చుట్టాల్లో ఎవరో అనుకుని భయపడి వెంటనే ఫోన్ చేశాను.

చుట్టం కాదు. తులసీదాస్ బలరాం. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో చనిపోయారు. వయసు 86. భారత జట్టుకు రెండు ఒలింపిక్స్‌లో ఆడినవాడు, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన జట్టులోవాడు, మా తాత ఇంటికి సైకిలు మీద పోయేంత దూరంలో పుట్టినవాడు. ఆ పేరు నేను అప్పటిదాకా వినలేదు. తాతకు కొంచెం కోపం వచ్చింది. "రొనాల్డో చెప్పుల సైజు తెలుసు నీకు, బలరాం తెల్వదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి తాత చెప్పినవి, నేను చదివినవి కలిపి రాసుకుంటున్నాను. రొనాల్డో లాంటి తయారైన ఆటగాణ్ని తేవాలంటే డబ్బు కావాలి. ఇంకా తయారు కానివాణ్ని తేవాలంటే ఏం కావాలి? నాకు ఆ ప్రశ్న ఎందుకు పట్టుకుందో చివర్లో చెప్తాను.

ముందు ఒక మాట గురించి. ఇంగ్లీషులో అనుభవం లేని ఆటగాణ్ని "రా" అంటారు కదా. నేను డిక్షనరీ చూసి "పచ్చి ఆటగాడు" అని రాసి తాతకు పంపాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "పచ్చి మామిడికాయనా? ఇంకా రాటుదేలలే అనాలె." రాటుదేలడం. ఎంత మంచి మాటో. అందుకే ఈ వ్యాసంలో "రాటుదేలని" అని చాలాసార్లు వస్తుంది, ఓపిక పట్టండి.

బలరాం 1936 అక్టోబర్ 4న అమ్ముగూడలో పుట్టారు. ఇప్పుడు అది నగరంలో కలిసిపోయింది కానీ అప్పుడు సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన ఉన్న ఊరు. చుట్టూ మిలిటరీ బారకాసులు, వాటి మధ్య మైదానాలు. సిపాయిలు ఆడుతుంటే పిల్లలు గీత బయట నిలబడి బంతి ఎప్పుడు తమ వైపు వస్తుందా అని చూసేవాళ్లట. ఇంట్లో డబ్బు లేదు. బూట్లు అసలే లేవు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకుపోయి, రెండు రూపాయలు ఇచ్చి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. (ఆ వయసు సంగతులకు "అతను" అని, తర్వాతి వాటికి "ఆయన" అని రాస్తున్నాను. ఇలా కలపొచ్చో లేదో చెప్పండి.)

బూట్ల సంగతి చిన్నది కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లు చాలామంది వట్టి కాళ్లతో దిగారు. ఆ చలిలో, ఆ గడ్డి మీద యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాత బూట్లు వేసుకోవడం తప్పనిసరి చేశారు. అంటే ఒక పేద పిల్లవాడు కాళ్లతో ఎంత బాగా ఆడినా, బూట్లు లేకపోతే ఇక పై మెట్టు ఎక్కలేడు. ఆ రెండు రూపాయలు అక్కడ పడ్డాయి.

ఇప్పుడు రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, అక్కడి జట్టుకు ఆడి, తర్వాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు బొంబాయికి పోయి రోవర్స్ కప్ వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. హెల్సింకి ఓటమి చూసింది కూడా ఆయనే.

ఆయన పంతులు అన్న సంగతి నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. పోటీలు కూడా పాఠాల్లాగే పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్ ఒకటి: బంతి వచ్చిందంటే వెంటనే పాస్ ఇవ్వాలి, ఒక్కడే తీసుకుపోతే తప్పు. ఇంకొకటి బలహీనమైన కాలితో మాత్రమే ఆడే టోర్నమెంట్: కుడి కాలివాడు ఎడమ కాలితోనే తన్నాలి. ఊహించుకోండి, పెద్ద పెద్ద ఆటగాళ్లు చిన్నపిల్లల్లా తడబడుతుంటే జనం ఎంత నవ్వి ఉంటారో! నేను నలభై నిమిషాలు ఎడమ కాలితో ఆడి చూశాను. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. కానీ అలాంటి పోటీలో పేరున్నవాడూ రాటుదేలనివాడూ ఒకే గీత మీద నిలబడతారు. ఎవరు త్వరగా నేర్చుకుంటున్నారో పంతులు కంటికి కనిపిస్తుంది.

1950ల నడుమ, బలరాం సికింద్రాబాద్‌లో ఆడుతుంటే రహీం చూశారు. హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ సెలక్షన్‌కు రమ్మన్నారు. సంతోష్ ట్రోఫీ అంటే రాష్ట్రాల జట్ల మధ్య జరిగే పోటీ, అప్పట్లో దేశమంతా ఎదురుచూసేది.

ఇక్కడే కథ ఆగిపోవాల్సింది. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కు దాదాపు పదిహేను కిలోమీటర్లు. రోజూ పోయి రావడానికి డబ్బు లేదని అబ్బాయి చెప్పాడు. సరే, ఇంకొకరిని చూసుకుందాం అనుకోవడం ఏ కోచ్‌కైనా తేలిక. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో ఆటగాళ్లకు కరువా? పోలీస్ జట్టే ఉంది చేతిలో. రహీం మాత్రం అతనికి సైకిలు దొరికేలా చూశారు. అబ్బాయి ఆ సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ఆడి, మళ్లీ తొక్కుకుంటూ ఇంటికి పోయాడు.

తాత ఈ ముక్క చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆగుతాడు. "సైకిలంటే అప్పుడు ఏమనుకున్నవ్? ఇప్పటి కారు లెక్క."

తర్వాత అంతా వేగంగా జరిగింది. బలరాం సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ జట్టుకు ఆడాడు. మూసీ ఒడ్డున ఉన్న ఆ సిటీ కాలేజీ పాత విద్యార్థుల పేరు మీద నడిచే జట్టు అది. 1956లో, 1957లో హైదరాబాద్ వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 చివర్లో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ జట్టుకు కోచ్ రహీం. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచారు. పాత పోలీసు బూట్లు కుట్టించుకున్న రోజుకూ మెల్‌బోర్న్‌కూ మధ్య ఎక్కువ ఏళ్లు లేవు.

ఇలాంటి కథలు అమెరికా కాలేజీల్లో కూడా ఉన్నాయని డల్లాస్‌లో ఉండే మా అక్క అంటుంది. అక్కడ "ఫుట్‌బాల్" అంటే వేరే ఆట, చేతులతో ఆడేది, పేరు మాత్రం అదే. నైజీరియాలో పుట్టిన క్రిస్టియన్ ఒకోయే డిస్కస్ విసరడానికి కాలిఫోర్నియాలోని అజూసా పసిఫిక్ యూనివర్సిటీకి వచ్చాడు. 1984 ఒలింపిక్స్ జట్టులో తన దేశం చోటు ఇవ్వకపోతే, ఆ ఏడాదే ఇరవై మూడేళ్ల వయసులో మొదటిసారి ఆ ఆట మొదలుపెట్టాడు. 1989లో అమెరికా లీగ్ మొత్తంలో బంతి పట్టుకుని అందరికన్నా ఎక్కువ గజాలు పరుగెత్తినవాడు అతనే. అక్క ఇది చెప్పి, చూశావా మా దగ్గర ఎలా వెతుకుతారో అన్నట్టు మాట్లాడింది. నిజమే. కానీ అక్కడ వెనకాల ఒక యూనివర్సిటీ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, హాస్టల్ ఉంది. రహీం వెనకాల ఒక పంతులు జీతం ఉంది.

బలరాంను తయారుచేసిన హైదరాబాద్ ఆయన్ను ఉంచుకోలేకపోయింది. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు పోయారు. తర్వాత ఆ క్లబ్‌కు కెప్టెన్ అయ్యారు, సంతోష్ ట్రోఫీలో బెంగాల్‌కు ఆడారు. మా తాత ఇప్పటికీ దీన్ని ఆడపిల్లను అత్తగారింటికి పంపినట్టు చెప్తాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద 2–1తో ఓడినా ఆ ఒక్క గోల్ బలరాందే. పెరూ మీద 3–1తో ఓడినప్పుడూ అంతే. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం: ఈ ముగ్గురి పేర్లు తాత ఒకే ఊపిరిలో అంటాడు, మధ్యలో కామా కూడా లేకుండా.

1962 జకార్తా. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. ఆ తర్వాత థాయిలాండ్, జపాన్, సెమీస్‌లో దక్షిణ వియత్నాం. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారు పతకం రాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1982లో ఢిల్లీలో, క్వార్టర్ ఫైనల్‌లో మనల్ని 1–0తో ఇంటికి పంపింది ఎవరో తెలుసా? సౌదీ అరేబియా. ఈ విషయం ఇక్కడి మా సౌదీ సహోద్యోగికి చెప్తే ఆశ్చర్యపోయాడు, ఇండియా అంత దూరం వచ్చేదా అని. నాకు గర్వపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

1963 జూన్‌లో రహీం చనిపోయారు. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం పెద్ద స్థాయి ఆట ఆపేయాల్సి వచ్చింది. ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. జకార్తా ఏడాదిలోనే అర్జున అవార్డు వచ్చింది. పద్మశ్రీ రాలేదు. పీకేకు, చునీకి వచ్చింది. తర్వాతి అరవై ఏళ్లలో ఎక్కువ భాగం ఆయన బెంగాల్‌లోనే గడిపారు. ఉత్తరపాడాలో గంగ ఒడ్డున ఉండేవారు. అమ్ముగూడకు తిరిగి రాలేదు.

ఇక నా సంగతి. జుబైల్‌లో శుక్రవారం రాత్రుళ్లు అద్దె టర్ఫ్ మీద మా జట్టు ఆడుతుంది. చలికాలంలో కంపెనీల మధ్య చిన్న టోర్నమెంట్ ఉంటుంది. పోయిన ఏడాది జట్టు ఎంచే పని నాకు ఇచ్చారు. ఒక జగిత్యాల అబ్బాయి వచ్చాడు, స్కాఫోల్డింగ్ పని చేస్తాడు, క్యాంపులో ఉంటాడు. మామూలు రబ్బరు బూట్లతో ఆడాడు. పాస్ ఎప్పుడు ఇవ్వాలో తెలియదు, ఆఫ్‌సైడ్ అంటే తెలియదు. కానీ పరుగు చూడాలి! మా డిఫెండర్ రెండుసార్లు కింద కూర్చున్నాడు. ప్రాక్టీసుకు వారానికి రెండుసార్లు రాగలవా అని అడిగితే, "క్యాంపు బస్సు లేదన్నా, టాక్సీకి పైసలు కావు" అన్నాడు. నేను చాలా మర్యాదగా, వచ్చే ఏడాది చూద్దాం తమ్ముడూ అన్నాను. తెలుగులోనే అన్నాను. నా తెలుగు బాగుందని లోపల సంతోషపడ్డాను కూడా.

ఇది తాతకు చెప్పలేదు. ఈ వ్యాసం చదువుతాడు కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది.

పోయిన వారం ఆ అబ్బాయి నంబరు వెతికి ఫోన్ చేశాను. ఇంకా అదే క్యాంపులో ఉన్నాడు. నా కారులో వెనక సీటు ఖాళీయే. మంగళవారం ఆరున్నరకు క్యాంపు గేటు దగ్గరికి వస్తానని చెప్పాను. బూటు సైజు కూడా అడిగాను, ఎనిమిది అట. "నిజంగా వస్తరా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు.