సొట్ట తీసిన చేతులు: ఫిల్మ్ నగర్ డెంటింగ్ షెడ్ల చరిత్ర కోసం

నిజాం కారు గురించి మనకు అన్నీ తెలుసు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, దానికి బార్కర్ కంపెనీ కట్టిన బాడీ, పసుపు రంగు, లోపల సింహాసనం లాంటి సీటు. ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో టికెట్టు కొని చూడవచ్చు. అది మొత్తం మీద కొన్ని వందల మైళ్ళే తిరిగిందని కూడా రాసిపెట్టిన్రు. తిరగని కారుకు ఇంత చరిత్ర ఉన్నది. తిరిగి, గుద్దుకొని, నలిగి వచ్చిన కార్లను మళ్ళీ రూపుకు తెచ్చినోళ్ళకు మాత్రం చరిత్ర లేదు. రాజుల చరిత్రను ప్రశ్నించిన మన ప్రగతిశీల చరిత్రకారులు కూడా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయిన్రు. గేటు లేని చోట, ఇంటి ముందు రేకుల షెడ్డులో జరిగే పనిని వాళ్ళు పనిగానే లెక్కపెట్టలేదు.

మేము ఇక్కడ మాట్లాడుతున్నది డెంటింగ్-పెయింటింగ్ పని గురించి. చోటు ఫిల్మ్ నగర్.

ఫిల్మ్ నగర్ అనగానే సినిమా వాళ్ళ బంగళాలే గుర్తుకు రావడం కూడా ఒక కుట్రే అనిపిస్తది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో ఈ గుట్టల మీద లేచినయి. మద్రాసు నుంచి పరిశ్రమ మెల్లమెల్లగా ఇటు మళ్ళింది. గుట్ట తనంతట తాను చదును కాదు గదా. బండలు పగలగొట్టింది వడ్డెరలు, పునాదులు తవ్వి మట్టి మోసింది పాలమూరు నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మాల, మాదిగ, బీసీ కూలీలు. ఇండ్లు లేచినంక వాళ్ళు ఎక్కడికి పోవాలె? అదే గుట్ట వాలు మీద గుడిసెలు వేసుకున్నరు. బి.జె.ఆర్. నగర్, దీన్ దయాళ్ నగర్, జ్ఞానీ జైల్ సింగ్ నగర్ అని పేర్లు పెట్టుకున్నరు. ఈ పేర్లలో ఉన్న రాజకీయం వేరే వ్యాసానికి సరిపోతది. పైన బంగళా, కింద బస్తీ, మధ్యలో కారు. పొద్దున కారు తుడిచేది, నడిపేది బస్తీ మనిషి. దానికి సొట్ట పడితే తీసేది కూడా బస్తీ మనిషే.

కులానికీ ఈ పనికీ ఉన్న సంబంధం కొంచెం ఆగి చూడాలె. తోలు పని మాదిగది, ఇనుము పని కమ్మరిది అని ఊరు పంచిపెట్టింది. కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదనీ, శ్రామికుల విభజన అనీ అంబేద్కర్ 1936లోనే తేల్చిండు. అయితే మోటారు వచ్చినప్పుడు దాన్ని పంచిపెట్టే తీరిక ఊరికి దొరకలేదు. మనువు పుస్తకంలో డెంటర్ లేడు. ఏ కులమూ తాతల నాటి హక్కు చెప్పుకోలేని పని అది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది, 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్ వచ్చి తర్వాత బస్సు బాడీలు కట్టింది. రేకు కొట్టే విద్య హైదరాబాదులో ఇట్లాంటి వర్క్‌షాపుల్లో పెరిగింది. వర్క్‌షాపు బయట ఆ విద్యను చేతుల్లో పెట్టుకున్నది ఎక్కువగా ముస్లిం ఉస్తాదులు. ఊర్లో కమ్మరి కొలిమి దగ్గరికి రానియ్యని పిల్లగాడు నగరంలో ఉస్తాద్ దగ్గర శాగిర్దు అయిండు. ఉస్తాద్ కులం అడగలేదు, ఫీజు అడగలేదు. పొద్దున ఎన్నింటికి వస్తవు అని మాత్రం అడిగిండు. దళిత, ముస్లిం ఐక్యత గురించి మనం సభల్లో చాలా మాట్లాడినం. ఒకే డబ్బాలో అన్నం తిని, ఒకే సుత్తి పట్టుకున్న ఈ షెడ్ల దిక్కు మాత్రం చూడలేదు.

అట్లని ఉస్తాద్ వ్యవస్థను నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. జీతం లేని ఏండ్లు, పానా విసిరి కొట్టిన దెబ్బలు, బడికి దూరమైన బాల్యం అన్నీ అండ్లనే ఉన్నయి. తొమ్మిదేండ్ల పిల్లగాడికి పేరు ఉండదు, ‘చోటూ’ అంతే. 1986 బాలకార్మిక చట్టం నిషేధ జాబితాలోకి ఆటోమొబైల్ గ్యారేజీలను తర్వాత చేర్చిన్రు, 2016 సవరణ పద్నాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్నే నిషేధించింది. చట్టం చోటూను షెడ్డులోంచి బయటికి పంపమన్నది. బయట అతని కోసం ఏమున్నదో మాత్రం చూడలేదు.

ఇంతకూ ఆ విద్య ఏమిటిది? చదువుకున్న మనవాళ్ళు దీన్ని ‘సుత్తితో కొట్టుడు’ అనుకుంటరు. సొట్టను నడిమిట్ల కొడితే రేకు సాగి పాడైతది. దెబ్బ ఏ వరుసలో పడ్డదో ముందు చదవాలె. చివరగా మడతపడ్డ అంచును మొదట విప్పాలె, మొదట తగిలిన చోటుకు చివరకు రావాలె. లోపల డాలీ పెట్టి, పైన సుత్తితో చిన్నచిన్న దెబ్బలు. సాగిపోయిన రేకును గ్యాసు మంటతో ఎర్రగా చేసి, చుట్టూ తట్టి, తడిబట్ట అద్దితే అది ముడుచుకుంటది. వేడికి లోహం ఎట్ల వ్యాకోచిస్తదో పాఠ్యపుస్తకంలో ఉన్నది. ఆ పుస్తకం చదవనోడు దాన్ని రోజుకు పదిసార్లు అమలు చేస్తున్నడు. ఇక కొలత సాధనం అరచెయ్యి. కన్ను పట్టలేని ఎత్తుపల్లాలను చెయ్యి పడతది. కొందరు అరచేతి కింద బట్టముక్క వేసి నిమిరి చూస్తరు. ఆ చేతిని మన సమాజం అంటరానిదన్నది.

రేకు సరిగ్గా వచ్చినంక పుట్టీ. పని రానోడు పుట్టీ మందంగా పూసి సొట్టను దాచేస్తడు, అది ఏడాది తిరక్కుండ పగులుతది. మంచి డెంటర్‌కు పుట్టీ తక్కువ పడుతది. తర్వాత చెక్కముక్కకు వాటర్ పేపర్ చుట్టి, 80 నంబరుతో మొదలుపెట్టి 180, 320, 600 దాకా నీళ్ళు పోసుకుంట రుద్దుడు. ఆ తర్వాత ప్రైమర్, మళ్ళీ రుద్దుడు, పాత పేపర్లు అంటించి అద్దాలు మూసుడు, అప్పుడు గన్ను. కంపెనీ వాళ్ళకు గాలి వడకట్టే పెయింట్ బూత్ ఉంటది. ఇంటి ముందు షెడ్డుకు అది ఏడ దొరుకుతది? నేల మీద నీళ్ళు చల్లి, దుమ్ము లేవని తెల్లవారుజామున రంగు కొట్టుడే బూత్.

మన పెద్దలు ఈ రంగునే ‘డూకో’ అన్నరు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1923లో ఆ పేరుతో నైట్రోసెల్యులోజ్ లక్కరు తెచ్చింది, మరుసటి ఏడు జనరల్ మోటార్స్ దాన్ని ఓక్లాండ్ కార్లకు వేసింది. అంతకు ముందు బ్రష్షుతో పూత మీద పూత వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, డూకో గంటల్లో ఆరింది. దానికి మూలం పత్తి. అదే పత్తి నుంచి తుపాకి మందూ తయారైంది, డ్యూపాంట్ అసలు వ్యాపారం అదే. అక్కడి మందుగుండు కంపెనీ సరుకు ఇక్కడి బస్తీ పిల్లగాడి చేతికి వచ్చిందంటే సామ్రాజ్యవాదం ఎంత దూరం నడుస్తదో చూడాలె. ఇది వానాకాలంలో మొరాయిస్తది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి గాలిలోని తేమ దాని మీద చేరుతది, రంగు తెల్లబారుతది. అందుకే ముసురు పట్టిన రోజుల్లో షెడ్డుకు కూలి ఉండదు.

ఇంకో మాట. ఇంటి ముందు గ్యారేజీ అంటే ఇల్లంతా గ్యారేజీయే. రుద్దడానికి నీళ్ళు కావాలె. గుట్ట మీది బస్తీలో నీళ్ళంటే ట్యాంకరు, బిందెలు, ఆడవాళ్ళ వరుస. కారు మీద పోసిన ప్రతి బిందె వెనక ఒక తల్లి, ఒక భార్య ఉన్నది. కొన్నిచోట్ల పేపర్లు అంటించేది, వాటర్ పేపర్ రుద్దేది కూడా వాళ్ళే. బోర్డు మీద పేరు మాత్రం మగవాడిది. మా దళిత పత్రికలైనా ఈ పనిని ‘సాయం’ అనడం మానెయ్యాలె.

ఆ ఇంట్లనే పొయ్యి, ఆ ఇంట్లనే చంటిపిల్ల, ఆ గాలిలనే థిన్నర్ వాసన. పాత ఎన్.సి. రంగుల స్థానంలో హార్డెనర్ కలిపే రంగులు వచ్చినంక మెరుపు పెరిగింది, ప్రమాదమూ పెరిగింది. ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు వృత్తిపరమైన ఆస్తమాకు తెలిసిన కారణం. ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తది. ముక్కుకు కట్టుకున్న దస్తీ దాన్ని ఆపదు, బయటి గాలిని పైపు ద్వారా అందించే మాస్కు కావాలె. ఇక సీసం. 2016లో కేంద్రం నియమం చేసి రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాల్లో 90కి మించవద్దన్నది. అయితే ఆ నియమం ఇండ్లకు వేసే, అలంకరణకు వాడే రంగులకే. పారిశ్రామిక రంగులు దాని బయట ఉన్నయి. బంగళా గోడను నాకే పిల్లను చట్టం కాపాడింది, మంచిదే. బానెట్ రుద్దిన పొడి ఎగిరి పడే గుడిసెలోని పిల్ల సంగతేమిటి?

1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవై మంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది. ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డు ఎన్నడూ ఆ లెక్కకు రాలేదు. సినిమా వాళ్ళ 24 క్రాఫ్టుల లెక్కలో డ్రైవర్ ఉన్నడు, డెంటర్ లేడు. ఫైటు సీనులో నలిగిన కారును మరునాటి షూటింగుకు నిలబెట్టినోడి పేరు తెర మీద పడదు. 1974లో ఏర్పడ్డ ఎస్సీ కార్పొరేషన్ అప్పులైనా, 2021లో మొదలైన దళిత బంధు అయినా వాహనం కొనుక్కునే దళితుడిని చూసినయి. చాలామంది కార్లు, ట్రాక్టర్లు ఎంచుకున్నరు, తప్పేమీ లేదు. వాటికి సొట్టలు పడితే ఎవరి షెడ్డుకు పోతయో ఆ షెడ్డును మాత్రం పథకాలు పెద్దగా పట్టించుకోలేదు.

పనే మారిపోవడం 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పటి నుంచి మొదలైంది. అంబాసిడర్ రేకు మందం, ఎన్ని దెబ్బలైనా ఓర్చుకునేది. మారుతి రేకు పలుచన, చెయ్యి తేలిక కావలసి వచ్చింది. ఉస్తాదులు మళ్ళీ నేర్చుకున్నరు. తర్వాత ప్లాస్టిక్ బంపర్లు వచ్చినయి, అవి పగిలితే మార్చుడే. అసలు దెబ్బ ఇన్సూరెన్సు రూపంలో పడ్డది. క్యాష్‌లెస్ పద్ధతి పెరిగినంక బంగళా కారు నేరుగా కంపెనీ వర్క్‌షాపుకు పోయింది. అక్కడ బిల్లు కట్టేది యజమాని కాదు కాబట్టి తలుపు బాగుచేసే బదులు కొత్త తలుపే వేస్తరు. షెడ్డుకు మిగిలింది ఇన్సూరెన్సు లేని పాత కార్లు, ఆటోలు, క్లెయిమ్ పెడితే బోనస్ పోతదని భయపడే మధ్యతరగతి గీతలు.

ఆ కంపెనీ వర్క్‌షాపుల్లో రంగు కలిపేది కంప్యూటర్. కారు మీది కోడ్ కొడితే ఏ రంగు ఎన్ని గ్రాములో చెబుతది. అయితే ఐదేండ్లు ఎండలో నిలబడ్డ కారు రంగు ఆ కోడ్‌లో ఉండదు. అప్పుడు బస్తీ నుంచి పాత పెయింటర్‌ను పిలుస్తరు. ఆయన చిన్న రేకుముక్క మీద కొట్టి, ఎండలోకి తీసుకపోయి, ఒకసారి నిటారుగా ఒకసారి వంచి చూసి, ఒక చుక్క నలుపు కలపమంటడు. మళ్ళీ కొట్టి చూస్తడు. రంగు కలిసినంక ప్యానెల్‌కు ఇంత అని చేతిల పెట్టి పంపిస్తరు. రిజిస్టర్లో ఆయన పేరు ఉండదు.